అల్లుడికి వండిన విత్తనాలు

మొన్న ఫారాల కట్ట పట్టుకుని ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి, రోజుకి ఎన్నిపూటలు తింటారని అడిగింది. మూడు పూటలూ తిని నాలుగో పూటకి మా ఆవిణ్ణి సాధిస్తానని చెప్పాను గానీ, ఆ పిల్ల నవ్వకుండా గడిలో టిక్కు పెట్టుకుని పోయింది. ఆ టిక్కు చూశాక నాకిక ఆ పూట ఏ పని మీదా మనసు నిలవలేదు.

అరవైల చివరి మాట. నాకింకా ఇరవై నిండలేదు, కోతలు కొయ్యడంలో మాత్రం చెయ్యి తిరిగిపోయింది. నాగావళి వరదకి కొట్టుకొచ్చిన పెద్దపులి మా అరుగు మీద చలి కాచుకుని వెళ్ళిందని చెప్తే నమ్మినవాళ్ళున్నారు. అలాంటి నాకు ప్రభుత్వం నిజం రాసే ఉద్యోగం ఇచ్చింది. రాష్ట్రంలో ఆకలి ఎక్కడెంత ఉందో తేల్చి, కరువు నెలల్లో ఏ ఊళ్ళో గంజి కేంద్రం పెట్టాలో ప్రణాళిక వెయ్యడానికి హైదరాబాదు నుంచి ఆఫీసర్లు జిల్లాలకి బయల్దేరారు. మా వైపు వచ్చింది ఎవరో కాదు, మా అక్క మొగుడు. ఊళ్ళన్నీ తెలిసినవాణ్ణని బావ నన్ను తాత్కాలికంగా రాతపనికి పెట్టుకున్నాడు.

సాలూరుకి ఇవతల మా పెద్దమ్మ వాళ్ళ పల్లెతో మొదలుపెట్టాం. పెద్దమ్మంటే మా అమ్మకి అక్క, ఒంటరి మనిషి, కాస్త మడీ, రాగులు పండే కొంచెం చోడిచేనూ ఆవిడ ఆస్తి. నిన్నేం వండారని మేం అడిగితే ప్రతి ఇంటా అన్నం, పప్పు అనే చెప్పారు. మా వైపు ఆకలిని బయటివాడి ముందు ఒప్పుకోవడం బట్టలిప్పుకోవడంతో సమానం. కుండలో ఏమీ లేకపోయినా పొయ్యి రాజేసి కప్పులోంచి పొగ పోనిచ్చే ఇళ్ళు నాకు తెలుసు. నా కాగితాలు చూసి బావ, ఈ లెక్కన మనమే వీళ్ళ దగ్గర బియ్యం బదులడగాలిరా అని నవ్వి, ఎలాగైనా నిజం చెప్పించు, హైదరాబాదులో పెద్దల ముందు నేను కొట్లాడతాను అని నా భుజం తట్టాడు.

ఆ మాట పట్టుకుని, నిజం చెప్తే గంజి కేంద్రం వస్తుందంటూ ఇల్లిల్లూ తిరిగాను. "ఇదీ నీ పులి లాంటిదేనేట్రా?" అని ఎగతాళి చేశారు. చివరికి మా పెద్దమ్మే నోరు విప్పింది. ఒక్కపూట చోడి అంబలి, అదీ లేనినాడు మామిడి టెంకల పిండి, నెల్లాళ్ళుగా ఇంతే అని తల వంచుకుని చెప్పింది. ఆవిడ చెప్పాక ఊరంతా చెప్పింది. నా బతుకులో అక్షరం కల్పించకుండా రాసిన కాగితాలు అవే.

ఆ మధ్యాహ్నం బావ అరుగు మీద కూర్చుని ఉండగా పెరట్లోంచి రోకటి పోటు వినిపించింది. వెళ్ళి చూద్దును గదా, ఆకుమడిలో నారు పొయ్యడానికని అటక మీద దాచిన గడ్డి పురి విప్పి, అందులోని విత్తనాల వడ్లు దంచుతోంది పెద్దమ్మ. నేను నోరు తెరవబోతే, "నోర్ముయ్యరా. ఇంటల్లుడికి అంబలి పోస్తామేటి? ఈ మాట ఆ బాబు సెవిన పడిందా, నా మీదొట్టే" అంది. బావ కడుపునిండా తిని, అత్తా, బియ్యం బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. నేనూ తిన్నాను.

గంజి ఎప్పుడొస్తాదిరా అని అందరూ నన్నే అడిగేవారు. ఇదుగో వస్తోందన్నాను. నూకల లారీ బయల్దేరిందన్నాను, కొత్తవలస గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం నిలబడిందన్నాను, టైరు పేలిందన్నాను, డ్రైవరుకి చలిజ్వరమన్నాను. ఆషాఢమంతా నా లారీ దారిలోనే ఉంది.

శ్రావణంలో సాలూరు ఆఫీసులో ఒక గుమాస్తా జాలిపడి బావ రిపోర్టు చూపించాడు. ఇంగ్లీషు ముక్కల కింద వేలు పెట్టుకుని చదువుకున్నాను. ఈ పల్లెలో ఇళ్ళల్లో ధాన్యం నిలవ ఉన్నది, వచ్చిన అధికారికి వరి అన్నంతో భోజనం పెట్టగల స్థితి ఉన్నది, ఆకలి వివరాలు రాసిన స్థానికుడికి అతిశయోక్తి అలవాటు, కనుక కేంద్రం అవసరం లేదు. కింద బావ సంతకం. మా జిల్లా తిండిగింజలకి లోటులేని మిగులు జిల్లా అనిపించుకోవడమే పైవాళ్ళకి కావాలిట, ఆ గుమాస్తాయే చెప్పాడు. పైవాళ్ళ సంగతి నాకెందుకు? అక్క పెళ్ళిలో నా పులి కథకి అందరికన్నా గట్టిగా నవ్వింది బావే, ఆ నవ్వునే దాచుకుని నా మీద సాక్ష్యంగా పెట్టాడు.

పెద్దమ్మకి చెప్పలేక మళ్ళీ లారీ కథే ఎత్తుకున్నాను. విత్తనం లేక బీడుపడిన మడి గట్టున కూర్చుని ఆవిడ చాలాసేపు విని, "ఇంక ఆ లారీని ఆపీరా నాయనా, డ్రైవరు అలిసిపోనాడు" అంది. బావని ఒక్క మాట అనలేదు. తర్వాత ఆయన ఎప్పుడు వచ్చినా, ఎక్కడో బదులు తెచ్చి మరీ వరి అన్నమే పెట్టింది. ఆవిడ పోయింది, నిరుడు బావా పోయాడు, తను తిన్నదేమిటో తెలియకుండానే. ఎవరి కథైనా పొద్దుపోయేదాకా సాగదీసే నేను, ఒట్టుకి కట్టుబడి ఇదొక్కటీ దాచాను.

ఇప్పుడు జనం మొహమాటపడరు. లేదంటే లేదని గొంతెత్తి అడుగుతారు, బియ్యం కార్డు చూపించి తీసుకుంటారు. పల్లెకొచ్చే ఆఫీసర్లు క్యారియరు తెచ్చుకుని జీపులోనే తినేస్తారు, తిన్నారా బాబూ అని ఎవరూ అడగరు, వాళ్ళ కోసం ఎవరూ విత్తనాలు దంచరు. ఇదే మేలని నాకూ తెలుసు. తెలిసినా, ఆ జీపు పక్కనుంచి నడిచిపోతుంటే మాత్రం, లోపలున్నవాణ్ణి భోజనానికి పిలవాలని నా నాలుక కొసదాకా వస్తుంది, పిలవకుండానే ఇంటికొస్తాను.