బియ్యం డబ్బాలో ఫోను

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. 'లేదమ్మా' అన్న ఒక్క మాట. దాన్ని నా మేనకోడలు రీనాతో అన్నాను, ఆమె తల్లిని సమాధి చేసి వచ్చిన సాయంత్రం. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకైతేనే చెప్పగలనేమో. క్షమించమని అడగను. చివరిదాకా వినండి చాలు.

రీనా తల్లి సుగుణ నా చెల్లెలు. ఊపిరితిత్తులు పాడైతే ఆమె భర్త, మా బావ, ఆమెను కలకత్తా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పదహారేళ్ల రీనాను ఈ హిందీ ఊళ్లో, గోవింద్‌పూర్‌లో, మా ఇంట్లో ఉంచాడు. సుగుణ ఓపిక ఉన్నప్పుడు కూతురికి ఫోన్ చేసేది. దానికి వేళంటూ లేదు. అందుకే ఆ పిల్ల ఫోను వదిలేది కాదు. స్నానానికి వెళ్తే గడప మీద పెట్టుకునేది. చార్జింగ్ తగ్గితే అరచేతులకు చెమటలు పట్టేవి. నేను చదువుకున్నవాణ్ణి. ఫోను దగ్గర లేకపోతే పిల్లలకు పుట్టే భయం గురించి పత్రికల్లో చదివాను. చదివింది ఆమెకూ వినిపించాను. అది వ్యసనమన్నాను. ఎదురుగా ఉన్న పిల్లకు దేని గురించి భయమో మాత్రం అడగలేదు. పత్రికలో పేరు దొరికాక ఇంక మనిషిని చూడనక్కర్లేదని ఎందుకనుకున్నాను?

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో శుక్రవారాలు మా తెలుగు చర్చివాళ్లం ఇళ్లల్లో ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం. యువజనుల బాధ్యత నాది. ఆ ఏడు వాళ్లకు ఇంకో ఉపవాసం కూడా కలిపాను. పొద్దున్నే ఫోన్లన్నీ ఆపేసి నాకివ్వాలి. సాయంత్రం ఆరింటికి ముగింపు ప్రార్థన అయ్యాకే తిరిగిస్తాను. వాటిని మా వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేవాణ్ణి. పెద్దలు మెచ్చుకున్నారు. పాస్టరుగారు ప్రసంగంలో నా పేరెత్తారు. ఆ మెప్పు నాకు రుచించింది. ఇది దాచను.

మూడో శుక్రవారం మా ఇంట్లోనే ప్రార్థన. మధ్యాహ్నం నుంచే రీనా వంటింట్లో ఆ డబ్బా చుట్టూ తిరిగింది.

"మావయ్యా, ఏక్ బార్ దే దీజియే నా. దిల్ ఘబ్‌రా రహా హై," అంది. గుండె దడగా ఉందని, ఒక్కసారి ఇమ్మని.

"ఆరింటికి ఇస్తాను. మీ అమ్మకేటైనా అయితే మీ నాన్న నాకు చెయ్యడా?"

ఇవ్వొచ్చు. ఎవరు అడ్డు? కాని ముందుగదిలో పదకొండు మంది పిల్లలున్నారు. సొంత మేనకోడలికి సడలిస్తే రేపు నా మాట ఎవరు వింటారు? ఇదీ నా లెక్క.

అయిదు దాటాక నా ఫోను మోగింది. పెద్దవాళ్లకు ఆ ఉపవాసం లేదు మరి. సుగుణే చేసింది. ముఖం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి మాట్లాడుతున్నట్టుంది. మాట మాటకీ ఆగుతోంది.

"అన్నయ్యా, రీనా ఫోను కలవట్లేదేటి? ఓసారి దానికియ్యవా?"

"ప్రార్థనలో ఉందమ్మా. ఆరింటికి నేనే చేయిత్తాను."

"ప్రార్థనలోనా? అయితే లేపకులే... తిన్నాదేటి?"

"ఈరోజు ఉపవాసం కదా."

"అదా? ఉపవాసమా?" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి పోయింది. "నీ దగ్గరుండి భక్తురాలైపోనాదన్నమాట. సరే, ఆరింటికే."

ఆ సమయానికి రీనా ప్రార్థనలో లేదు. నాకు పది అడుగుల దూరంలో, వంటింట్లో, బియ్యం డబ్బా మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. ముందుగదిలో పాటల హోరుకు నా మాట ఆమెకు వినిపించలేదనుకుంటాను.

ఆరింటికి ముందు, రీనాతో సహా పిల్లలంతా ముగింపు ప్రార్థనలో ఉండగా, ఫోన్లు పంచడానికి డబ్బా తెరిచాను. రీనా ఫోను ఆన్ చేయగానే మెసేజ్ వచ్చింది. ఫోను ఆగి ఉన్నప్పుడు అమ్మ నంబరు నుంచి రెండుసార్లు కాల్ వచ్చిందని. చెరిపేశాను. ఎందుకు? పిల్ల కంగారు పడుతుందని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది కాదు. నా తప్పుకు రాతపూర్వకంగా మిగిలిన సాక్ష్యం అదొక్కటే. ప్రార్థన అయ్యాక ఫోను ఆమె చేతిలో పెట్టి అమ్మకు చెయ్యమన్నాను. బావ ఎత్తాడు. గొంతులోకి గొట్టం వేశారట. ఇక మాట్లాడే వీల్లేదన్నాడు. ఆదివారం సుగుణ పోయింది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక రీనా నన్ను ఒక్కటే అడిగింది. "మావయ్యా, ఉస్ దిన్ మమ్మీ నే ఫోన్ కియా థా క్యా?" ఆ రోజు అమ్మ ఫోన్ చేసిందా అని.

"లేదమ్మా."

చెల్లెలికి ఒక అబద్ధం, ఆమె కూతురికి ఒకటి. మొదటిది నవ్వుతూ నమ్మింది. రెండోది నమ్మిందో లేదో నాకు తెలియదు.

రీనాకిప్పుడు ఇరవై మూడు. దగ్గర్లోని ఆదిత్యపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఫోను ఎప్పుడూ ఆపదు. మొన్న సుగుణ జ్ఞాపకార్థం ప్రార్థనకు కూడుకున్నప్పుడు కూడా ఒళ్లో ఫోను తెర పైకి పెట్టుకునే కళ్లు మూసుకుంది. పక్కనున్న ముసలమ్మ ఊరుకోలేదు. "ఏటే, దేవుడు కూడా అందులోకే ఫోను చేత్తాడేటి నీకు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఈ కాగితం ముందు కూర్చోబెట్టింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. రీనాకు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. ఇక్కడి పిల్లల్లో చాలామందికి రాదు. ఇంత వివరంగా, ఇంత ధైర్యంగా తెలుగులో రాస్తున్నది అందుకేనని సగం రాశాక తెలిసింది. ఈ ఒప్పుకోలులోనూ ఒక మూత ఉంది.

అందుకని ఇప్పుడే వేరే కాగితం తీసి ఆమె చదవగలిగే హిందీలో రెండు వాక్యాలు రాశాను. ఆ రోజు నీకు మీ అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. తర్వాత నాకు చేసి ఫోను నీకివ్వమంది, నేను ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదో రాయలేదు. రాస్తే అది నన్ను కాపాడుకోవడమే అవుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక రీనా మా ఇంటికి భోజనానికి వస్తుంది. అప్పుడు ఇస్తాను. తర్వాత మళ్లీ రాకపోవచ్చు. రమ్మని అడిగే హక్కు నాకు లేదు.

ఆ హిందీ కాగితం బల్ల మీద ఉంది, మడవకుండా. ఏడేళ్లలో మొదటిసారి, ఆ అబద్ధం నా ఒంటి బయట ఉంది.