లెక్కలోకి రాని వాసన

మా తోడికోడలు పోయింది. పొద్దున్నే ఎంత పిలిచినా పలకకపోతే తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లాను. వెళ్లినదాన్ని ముందు ఆమె మంచం దగ్గరకు పోలేదు, గ్యాసు పొయ్యి దగ్గరకు పరుగెత్తాను. పొయ్యి కట్టేసే ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. గ్యాసు కాదని తెలిశాక కూడా మళ్లీ వెళ్లి పొయ్యి చూసొచ్చాను. ఎందుకో చెబుతాను.

ఆమె నా మరిది భార్య, మరిది పోయాక ఒక్కతే ఉండేది. దర్శి దగ్గర మా ఊళ్లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, మధ్యన మోకాలెత్తు గోడ. మిరప కల్లాల్లో ఇద్దరం కలిసే కాయలు ఏరేవాళ్లం, ఎర్రకాయ ఒకవైపు, తెల్లబడిన తాలుకాయ ఒకవైపు. కుప్ప అడుగున చెమ్మ పట్టి ముక్కితే, చెయ్యి పెట్టకముందే ఆమె ముక్కు పట్టేసేది. "దీనికి ఇంకో ఎండ చూపించవయ్యా, సంచిలో బూజు పడుద్ది" అని రైతు మొహం మీదే అనేది.

కొన్నాళ్లకు ఆమెకు పక్కచూపు పోయింది. పక్కనుంచి వచ్చే ట్రాక్టరు కూడా కనపడేది కాదు. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుందట, దానిలో గడ్డ లేచిందని గుంటూరులో చెప్పారు. ముక్కులోంచి వెళ్లి తీసేశారు. చూపు తిరిగొచ్చింది. వాసన పోయింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. చూపు ఇచ్చినవాళ్లకు ఈ రోజుకీ దణ్ణం పెడతాను. కానీ పోయినదాని గురించి ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఒకసారి ముక్కిన కుప్పను బాగుందని చెప్పేసింది. సంచులు మిర్చి యార్డులో విప్పాక రైతు మండిపడ్డాడు. "ముక్కు గుంటూరులోనే వదిలేసొచ్చావా పిన్నీ?" అని కల్లంలో ఆడవాళ్లు నవ్వారు. ఆ ఏడు నుంచి ఆమెను పనికి పిలవలేదు.

ఇంట్లో ఆమె ముక్కు నేనే అయ్యాను. రోజూ పప్పుగిన్నె గోడ మీద పెట్టి, "అక్కా, పాచిపోయిందేమో చూడు" అనేది. నాకేమో గ్యాసు భయం. సాయంత్రం నాలుగుసార్లు వెళ్లి పొయ్యి చూసొచ్చేదాన్ని. "నన్ను నీ ఇంటి కుక్కను చేశావే" అని విసుక్కుంటే, "కుక్కయితే ఇంత సణగదులే అక్కా" అనేది.

ఆ మధ్య ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఈ ఆపరేషన్ తర్వాత ఒక్కో ఆసుపత్రి ఒక్కోటి కొలుస్తోందట, ఒకరు చూపు, ఒకరు గడ్డ, ఒకరు హార్మోన్లు. ఏ పద్ధతి మేలో తేల్చాలంటే, అందరూ కొలవాల్సినవేవో ముందే ఒప్పుకోవాలట. రోగుల మాట కూడా కావాలంది.

మా తోడికోడలు మొహం వెలిగిపోయింది. "మా కల్లంలోనూ అంతేనమ్మా. కూర్చోకముందే ఏది తాలో రైతూ మేమూ ఒక మాట అనుకుంటాం. లేకపోతే నా తాలు మా అక్కకు మంచికాయ అవుద్ది" అంది. "నాకైతే వాసన రాయమ్మా. కూడు పాచిపోయిందో లేదో తెలీక తినటం బతుకు కాదు."

ఏం తేల్చారో ఆ కబురు కోసం ఫోను ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. చివరికి కబురొచ్చింది. ఆసుపత్రులవాళ్లంతా కూర్చుని ఏవి కొలవాలో ఓట్లు వేసుకున్నారట. చూపు, గడ్డ, హార్మోన్లు, ముక్కులోంచి నీరు కారడం లెక్కలోకి వచ్చాయి. వాసనకు ఓట్లు చాలలేదు.

ఫోను పెట్టేసి నవ్వింది. "నా ముక్కును తాలులో పోశారక్కా."

ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఓటు వేసినవాళ్లలో ఎవరైనా ఒక్కపూట ఆమె వంటింట్లో నిలబడి ఉంటే ఏమయ్యేదో! వాళ్లు చెడ్డవాళ్లని అనను. వాళ్ల ఇళ్లల్లో పాలు మాడితే తెలుస్తుంది, అంతే.

ఆమె పోయిన రోజు తల దగ్గర కట్టలకు కట్టలు అగరొత్తులు వెలిగించారు. ఇల్లంతా కమ్ముకుంది ఆ వాసన. ఆర్పేయమని అరవాలనిపించింది. డాక్టరమ్మకు తెలిసి ఫోన్ చేసింది. "మళ్లీ కూర్చున్నప్పుడు ఆమె మాట ఎత్తుతాను పెద్దమ్మా" అంది. మంచి పిల్లే. "ఎత్తమ్మా" అన్నాను.

నిన్న పొద్దున మా పప్పుగిన్నె మూత తీసి వాసన చూశాను. "బాగానే ఉందే, తిను" అంటూ గోడవైపు తిరిగాను. ఆమె గిన్నె పెట్టీ పెట్టీ గోడ మీద గుండ్రటి మరక పడింది. దాని మధ్యలో ఎండ పడుతోంది.