మామ్మకి కొప్పు పెట్టిన పిల్ల

మేం పనిచేసే బ్యూటీ పార్లర్ చోడవరం బస్టాండు దగ్గర, మందుల షాపు పైన ఉంటుంది. నేను చీడికాడ నుంచి వచ్చి ఇక్కడ పని నేర్చుకున్నాను. ఇంటర్ సగంలో ఆగిపోయింది గానీ నోరు మాత్రం ఆగలేదని మా మేడం అంటుంది. అందుకేనేమో, డార్జిలింగ్ కొండల నుంచి ఒకమ్మాయి పనికి వచ్చినప్పుడు తనకి తెలుగు నేర్పే బాధ్యత నాకే అప్పగించింది.

తను వచ్చిన రోజే, ఐబ్రోస్‌కి వచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుని అద్దంలోంచి తనని చూసి చైనా మనిషి అనుకుంది.

"ఏటే, సైనా పిల్లని పెట్టేరా?"

"సైనా కాదండి, డార్జిలింగు. టీపొడి వస్తాదే, ఆ ఊరు."

"ఏదైతే ఏటి? నాకు నువ్వే తియ్యి. ఆ దారం నోట్లో పెట్టుకుంతాది. ఏటేటి తింతారో ఏటో!"

దారం నేను కూడా నోట్లోనే పెట్టుకుంటాను. నేనేం తింటానో ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పైగా తన చెయ్యి నాకంటే తేలిక. నాకు తీస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగేలోపే అయిపోయేది. ఆ సంగతి నేను చెప్పినా ఎవరూ ఆ కుర్చీలో కూర్చునేవారు కాదు.

మధ్యాహ్నాలు ఖాళీ. అప్పుడు నా జుట్టు మీదే పూలజడ వేయడం నేర్చుకునేది. మొదటిసారి బుగ్గచుక్క పెట్టమంటే బుగ్గ నడిమధ్యన ఇంత బొట్టు పెట్టేసింది. నేను పడీ పడీ నవ్వి, అది దిష్టి తగలకుండా పెట్టేదని, చిన్నగా ఓ మూలకి పెట్టాలని చెప్పాను.

"అయితే నాకూ పెట్టక్కా. ఈ ఊర్లో అందరూ నన్నే సూస్తన్నారు" అంది. నా దగ్గర నేర్చుకున్న తెలుగు మరి, అచ్చం నాలాగే వచ్చింది.

వాళ్లమ్మ టీతోటలో ఆకు కోస్తుందట. బుట్ట తాడు నుదుటికి తగిలించుకుని, బరువంతా మెడ మీద మోస్తూ. పెద్దయ్యాక ఆ బుట్ట తనకే వచ్చేది. "ఆ బుట్ట నాకొద్దక్కా. పెళ్లికూతుళ్లని తయారుచెయ్యడం వచ్చేస్తే, ఎప్పటికైనా నా సొంత షాపు పెట్టుకుంతాను" అనేది. రైల్లో అంత దూరం ఒంటరిగా వచ్చిన మనిషి. నేనైతే విశాఖపట్నం వెళ్లాలన్నా ఎవరో ఒకర్ని తోడు రమ్మని బతిమాలతాను.

పెళ్లిళ్ల సీజన్ మొదలవగానే మేడం నన్ను పక్కకి పిలిచింది.

"దాని పని బాగులేదని నానన్లేదు. మనుషులు కుర్చీలోనే కూర్చోకపోతే నానేటి సెయ్యనే? ఈ సీజన్ సూస్తాను. అప్పటికీ ఇలగే ఉంటే పంపించేస్తాను."

ఆ మాట తనకి ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే, "విన్నానక్కా" అంది తనే.

తర్వాత వచ్చిన మొదటి ఆర్డరు రావికమతం అవతల ఒక పల్లెలో. మేడం మా ఇద్దరినీ పంపింది. పెళ్లికూతురి గది గుమ్మంలోనే వాళ్ల మామ్మ అడ్డంగా నిలబడింది.

"ఈ గుంటెవర్తే? మా పిల్లని ముట్టుకోడానికి లేదు."

"మామ్మా, ఊరుకో" అంది పెళ్లికూతురు లోపల్నుంచి.

"ఊరుకోను. ఏ దేశమో, ఏ మనిషో! బయట కూకోమను."

నాకు ఒళ్లు మండింది. తను మాత్రం అరుగు మీద కూర్చుని, పిన్నులూ పూలదండలూ ఒక్కొక్కటే కిటికీలోంచి నాకు అందించింది.

కాసేపటికి ఆ మామ్మే దువ్వెన, సవరం పట్టుకుని అరుగు మీదికొచ్చింది. చెయ్యి భుజం దాటి లేవడం లేదు. సవరం రెండుసార్లు కింద పడింది. "ఒసే, ఎవర్తైనా రండే!" అని పిలిచింది. మనవరాళ్లందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకుంటూ "వస్తన్నాం మామ్మా" అన్నారు, ఒక్కరూ కదల్లేదు.

తను లేచింది. అడగలేదు, ఆగలేదు. మామ్మ వెనక్కి వెళ్లి సవరం అందుకుంది. మామ్మ విసురుగా తిరిగి చూసింది.

"నీకు కొప్పెట్టడం వచ్చేటే?"

"మా అమ్మకి నేనే పెట్టేదాన్ని మామ్మా. ఆకు కోసి కోసి అమ్మ చేతులు కూడా లెగవు."

మామ్మ ముందుకి తిరిగింది. "గట్టిగా లాగు. తాళి కట్టేదాకా ఊడకూడదు" అంది. ఇంకాసేపటికి గొంతు తగ్గించి, "మరిప్పుడు మీ యమ్మకి ఎవరు పెడతన్నారే?" అని అడిగింది.

దువ్వెన ఆగిపోయింది. తను పిన్ను పళ్లతో తెరిచి కొప్పులో గుచ్చింది.

కొప్పు అయ్యాక మామ్మ తిన్నగా గదిలోకి వచ్చి, నేను వేసిన జడని పైనుంచి కిందికి చూసింది.

"అదేటే, అలగ ఏలాడిపోతంది? ఆ పిల్లని లోపలికి రమ్మను."

నా జడని నా కళ్ల ముందే విప్పించింది! నాకు ఉక్రోషం రావాలి. వచ్చిందీ కొంచెం. కానీ వంకర లేకుండా వరసగా పూలు పేరుస్తున్న ఆ వేళ్లని చూస్తుంటే, నన్ను అరుగు మీద కూర్చోబెట్టిన ఇంట్లోనే నిలబడి ఇంత నెమ్మదిగా పని చేయడం నా వల్ల అవుతుందా అనిపించింది. కాదు. నేనైతే వచ్చిన ఆటోలోనే తిరిగెళ్లిపోయేదాన్ని.

పార్లర్లో ఇప్పటికీ సైనా పిల్ల అనేవాళ్లున్నారు. కానీ రావికమతం వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం "మామ్మకి కొప్పెట్టిన గుంట ఉందా?" అని మెట్ల దగ్గర్నుంచే అడుగుతున్నారు. సీజన్ అయిపోవస్తున్నా మేడం పంపించే మాట ఎత్తలేదు. మొన్న ఎవరో ఫోన్ చేస్తే, "ఆదివారం పెళ్లి ఉంది, ఎల్తావేటే?" అని ముందు తననే అడిగింది.

"ఆదివారం కుదరదు మేడం. మీరు భోజనానికి ఎల్లినప్పుడు మాడుగుల వాళ్లు ఫోన్ చేసేరు, ఒప్పేసుకున్నాను. అక్కని పంపండి" అంది తను, దారం పళ్ల మధ్య పెట్టుకునే.

మేడం నా వైపు చూసింది. నేను ఏమీ ఎరగనట్టు ఫ్యాన్ వైపు చూశాను.