నెంబరు పడ్డ గోడ

భద్రాచలంలో గోదావరి ఒక్కరి మాటే విన్నది. ఆ ఒక్కరూ మా తాత పగిడయ్య. ఎనభై ఆరు వరదలో నీళ్లు తాత కాపలా ఉన్న గోదాం గుమ్మం ఎక్కితే, "ఎవరు పంపిండ్రు నిన్ను?" అని తాత గద్దించాడు. నది సిగ్గుపడి వెనక్కి తిరిగింది. ఈ ముక్క ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. నీళ్లు నిలువెత్తున లోపలికొచ్చాయనీ, తాత రెండు రోజులు కప్పు మీద కూర్చున్నాడనీ అంటారు. తాళంచెవి మాత్రం వదల్లేదని వాళ్లూ ఒప్పుకుంటారు.

తాతది చర్ల అవతల అడవి పల్లె. వయసులో ఉండగా సర్కారు నరికించే అడవి కూపుల్లో చెట్లు కొట్టాడు. తర్వాత ఈ ఎర్ర ఇటుకల తునికాకు గోదాంకు కాపలా వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆకు ఏ బస్తాలో బూజు పడుతోందో తలుపు దగ్గర వాసన చూసి చెప్పేవాడు. ఇప్పుడు గోదాం ఖాళీ. తాత మాత్రం దాని మూల అర్రలోనే ఉంటాడు. మా అమ్మ పుట్టింది ఆ అర్రలోనే.

ఆయన అనుమానం గోదాం కంటే పెద్దది. చాయ్ తెచ్చే ముత్యాలు ఒకరోజు చక్కెర కొంచెం ఎక్కువేస్తే, "ఏం కావాలె నీకు?" అన్నాడు. నేను కాళ్లు పిసికితే, "ఫోను పలగ్గొట్టినవా?" అంటాడు. నిజంగానే పగిలి ఉంటుంది, అది వేరే సంగతి.

మొన్న ఎండాకాలం గోదాం యజమాని జయప్రకాశ్ దాన్ని కూల్చి యాత్రికులకు లాడ్జి కడతానన్నాడు. అదే వారం పాత కట్టడాల గురించి పనిచేసే సుజన మేడం హైదరాబాదు నుంచి వచ్చింది. గోడను అరచేత్తో నిమిరింది. సిమెంటు లేదు, అంతా సున్నమే అంది. సరుకంతా నది మీద పడవల్లో వచ్చిన కాలానికి ఈ ఊళ్లో మిగిలిన గుర్తు ఇదొక్కటే అంది. తాత నన్ను పక్కకు లాగాడు.

"పాతదాన్ని గింత మెచ్చుకుంటుందేంది? కొననీకొచ్చిందా, కూలగొట్టనీకొచ్చిందా?"

"కాపాడనీకి తాతా."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆమెనే."

"మరి ఆమె కాకపోతే ఎవరు చెప్తరు!"

చూరు కింద ఇటుకల మధ్య వరసగా వదిలిన కంతలు ఎందుకని మేడం అడిగితే, "పావురాలకు" అన్నాడు. మేడం నవ్వి ఊరుకుంది, రాసుకోలేదు. దాంతో ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

బుధవారం ఇద్దరు అధికారులు చూడ్డానికి వస్తారు. ఉంచదగ్గ కట్టడమని వాళ్లు రాస్తే గోదాం నిలుస్తుంది, తాత అర్ర నిలుస్తుంది. రాయకపోతే మరుసటి వారం జేసీబీ వస్తుంది. ఇది తాతకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నా మొహం వంకే అనుమానంగా చూశాడు.

సోమవారం మేడం, అధికారులు వచ్చి తీసే ఫొటోలకని గోడల మీద సుద్దతో నెంబర్లు వేసింది. మొత్తం నలభై ఆరు. ఒక్కో నెంబరు గురించి ఒక్కో కాగితం రాసి అధికారులకు పంపింది. తాత ఆ రోజు అన్నం సరిగా తినలేదు. కోయ భాషలో ఏదో గొణుక్కున్నాడు. భయం పుడితే ఆయనకు తెలుగు రాదు.

బుధవారం అధికారులు వచ్చారు. పెద్దాయన ఫైలు విప్పి, "పదిహేడో నెంబరు కమాను ఎక్కడ?" అన్నాడు. మేడం గోడ వైపు తిరిగింది. నెంబరు లేదు. ఇంకో గోడ చూసింది. ఒక్కటీ లేదు. గోడలన్నీ తడిపి తుడిచినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి.

"చూశారుగా సార్," అన్నాడు జయప్రకాశ్. "కాగితాల్లో ఉన్నది గోడ మీద లేదు. మామూలు గోదామండీ ఇది."

పెద్దాయన ఫైలు మూయబోయాడు. నేను తాత చేతులు చూశాను. గోళ్లలో తెల్లగా సుద్ద.

"తాతా, నువ్వేనా?"

"అవ్, నేనే. నిన్న మాపటీలి గోనె తడిపి తుడిచిన. నెంబరు పడ్డ చెట్టు ఒక్కటన్న నిలబడ్డదా? ఫారెస్టు దొరలొచ్చి నెంబరేసిండ్రు, మేం గొడ్డళ్లు పట్టినం. ఎన్ని చెట్లు కొట్టిన్నో నాకెరుక!"

అందరూ విన్నారు. మేడం కోప్పడుతుందనుకున్నాను. ఆమె మెల్లగా అడిగింది.

"మరి కొట్టకుండా ఉంచే చెట్టుకు ఏం గుర్తు వేసేవాళ్లు, తాతా?"

తాత ఆమెను కింది నుంచి మీది దాకా చూశాడు. "పట్టీ. మొదలు సుట్టూ తారు పట్టీ."

మేడం సుద్ద తీసి, వాకిట్లోని ఇటుక స్తంభం చుట్టూ వంగి పట్టీ గీసింది. తాత ఆమె వెనకే తిరిగి గీత రెండు కొసలూ కలిశాయో లేదో చూశాడు. కలిశాయి. అప్పుడు సుద్ద అడిగి తీసుకుని కమాను దగ్గరికి నడిచాడు.

"ఈడ ఒక కర్ర, పక్కన కొడవలి."

"పదిహేడు!" అంది మేడం.

"ఈడ ఒకదాని మీదొకటి రెండు గుండ్లు."

"ఎనిమిది!"

అక్షరం ముక్క రాని మా తాత అలా నలభై ఆరూ చూపించాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత మేడం చూడని ఇటుక ఇంకొకటి తలుపు వెనక చూపించాడు. పచ్చి ఇటుక మీద ఎప్పుడో ఒక కోడి తొక్కిపోయిన మూడు వేళ్ల గుర్తు అది. పనిలో పనిగా, ఎటో చూస్తూ, "ఆ కంతలు పావురాలకు గాదు. గాలి ఆడి ఆకు బూజు పట్టకుండ" అన్నాడు. పెద్దాయన ఫైలు మళ్లీ తెరిచి చాలాసేపు రాసుకున్నాడు. జయప్రకాశ్ ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

పన్నెండు రోజులకు ఆర్డరు వచ్చింది. నేను కాగితం పట్టుకుని ఉరికాను.

"తాతా, గెలిచినం! గోదాం కూలగొట్టొద్దంట. ఎవ్వరు లోపలికి పోవద్దు, దేన్నీ ముట్టొద్దని రాసిండ్రు!"

తాత మంచం మీంచి లేవలేదు.

"ఎవ్వరు పోవద్దంటే నేనేడుండాలె? నా అర్ర సంగతి రాసిండ్రా లేదా, అది సదువు ముందుగాల."