కాడి అనుకున్న దండెం కర్ర

పొద్దున అవ్వ బట్టలు ఉతికేసరికి దండెం తెగిపోయింది. కొత్తగా వెదురు కర్ర కడదామని బాపు దాన్ని పైకి లేపాడు. అంతే, మా ముసలి ఎద్దు ఎర్రోడు కొట్టంలోంచి మెల్లగా నడిచొచ్చి, తల వంచి కర్ర కింద మెడ పెట్టాడు.

బోథ్‌లో మా చేనుకు ట్రాక్టర్ వచ్చాక ఎర్రోడికీ పని లేదు, నాగలి పట్టే బాపుకూ లేదు. నా చిన్నప్పుడు బాపు కాడి లేపితే చాలు, ఎర్రోడు ఎడమ పక్కకు, వాడి జోడెద్దు తెల్లోడు కుడి పక్కకు వాళ్లంతట వాళ్లే వచ్చి నిలబడేవాళ్లు. తెల్లోడు పోయినేడు చనిపోయాడు. ఇవాళ కూడా ఎర్రోడు కుడి పక్కన వాడి చోటు వదిలే నిలబడ్డాడు.

“గాన్ని పక్కకు తోలు, బట్టలు ఆరేయాలె” అన్నది అవ్వ.

“జర ఆగు. పనికొచ్చినోన్ని ఉత్తగ ఎట్ల పంపుత?” అన్నాడు బాపు.

కర్ర రెండో కొస తన భుజాన పెట్టుకుని, “నడువు బిడ్డా” అన్నాడు. ఇద్దరూ వాకిలంతా ఒక చుట్టు తిరిగొచ్చారు. తడి బట్టల బకెట్ పట్టుకుని అవ్వ చూస్తూ ఉండిపోయింది.

పని పోయినా పని మరవని జీవం మీ ఇంట్లో ఉంటే చెప్పండి. మా ఇంట్లో ఇద్దరున్నారు.