ఊదితేనే కదిలే కారు

అద్దాలాయనంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఇళ్ల కిటికీలకీ దుకాణాలకీ అద్దాలు కోసి బిగిస్తాడు. పనిమంతుడే, కానీ పొద్దు వాలితే మందు పడాల్సిందే. ఒకసారి ఏదో విందు నుంచి అక్కని ఇంటికి దింపుతూ కారుని గోడకేసి కొట్టాడు. ఆయనకి గీత కూడా పడలేదు. అక్క కుడి మోకాలు నుజ్జయింది. ఆవిడ టైలరు. మిషను తొక్కేది ఆ కాలితోనే.

కోర్టు ఆయన లైసెన్సు లాక్కుంది. తిరిగి ఇచ్చేటప్పుడు కారులో ఒక యంత్రం పెట్టించమంది. దాని గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో మందు జాడ తగిలితే ఇంజను స్టార్టవదు.

వారం వారం అక్కని కాలి వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆయనే నెత్తినేసుకున్నాడు. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే "ఏమో" అనేవాడు. నిజంగానే ఏమీ తెలిసేది కాదు. మత్తుసూది పొడిచిన పంటిచిగురులా ఉండేది లోపలంతా.

ఒకరోజు పొద్దున అక్క చేతికర్రతో వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఆయన ఊదాడు. ఎర్రలైటు వెలిగింది. కాసేపాగి మళ్లీ ఊదాడు. మళ్లీ ఎరుపే.

"రాత్రి తాగావా?" అంది అక్క.

"రాత్రేగా. ఈపాటికి దిగిపోయిందనుకున్నా. నాకేం తెలియట్లేదు."

"దానికి తెలిసిందిలే."

ఆసుపత్రిలో ఇచ్చిన టైము దగ్గరపడుతోంది. అక్క గొట్టం వైపు చెయ్యి చాపింది. "ఇటివ్వు, నేనూదుతా. చిన్నప్పుడు నీ బుడగలన్నీ ఊదింది నేనేగా."

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా. నువ్వూదితే కారు కదుల్తుంది. కానీ నడిపేది నేనే కదా."

బస్సులో వెళ్లారు. స్టాపు దాకా అక్క నడక ఆయన పక్కనుంచి చూశాడు. ఇన్నాళ్లూ గుమ్మం నుంచి గుమ్మానికి కారులో తిప్పాడేమో, ఆవిడ అంత దూరం నడవడం చూడనే లేదు. మధ్యమధ్య గోడ పట్టుకుని ఆగేది, ఆయనా ఆగేవాడు. తనకి ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు.

ఆ సాయంత్రమే మందు మానేశాడంటే అబద్ధం. చాలా కాలం పట్టింది, మధ్యలో జారాడు కూడా. కోర్టు పెట్టిన గడువు తీరాక యంత్రం తీయించేశాడు. అక్క కాలు పూర్తిగా బాగవలేదు. ఎడమకాలితో మిషను తొక్కడం అలవాటు చేసుకుంది, గిరాకీ మాత్రం తగ్గింది. పని లేని రోజుల్లో ఆయన వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుడతాడు. వంకరగా వస్తే అక్క విప్పి చేతికిస్తుంది. మళ్లీ కుడతాడు.