మృగశిర కార్తె నాడు ముత్యం మామ కన్ను

ఒక మనిషి కంటిచూపు నా చేతుల్లో పోయిందని గంటన్నరసేపు నమ్మి బతికాను. ఆ గంటన్నరలో జరిగినవన్నీ చెప్తాను. మీరు నవ్వుకోండి, పర్లేదు. నేను మాత్రం ఇప్పటికీ చేపల వేపుడు చూస్తే ముందు గుండె పట్టుకుంటాను, తర్వాతే ముక్క పట్టుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. సూరత్‌లో, అడాజన్‌లోని ఒక ట్యూషన్ సెంటర్‌లో పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. పదిమంది పిల్లలు "సార్" అంటే బుర్ర ఎంత ఉబ్బుతుందో ఉబ్బినవాడికే తెలుసు. దానికి తోడు సెంటర్లో మూలనపడ్డ ఒక టెలిస్కోపు ఉంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. కోతికి కొబ్బరికాయ దొరికిందనుకోండి, ఆ కోతి కనీసం ఉపన్యాసాలివ్వదు.

మా ఇల్లు పాండేసర పక్కన. పక్కింట్లో ముత్యం మామ ఉండేవాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చి, పాండేసర రంగుల మిల్లులో చేరి, కలర్ మాస్టర్ అయ్యాడు. బట్టకు వేసిన రంగు, గిరాకీ ఇచ్చిన నమూనా ముక్కతో కలిసిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పడమే ఆయన పని. మిషన్ తప్పు చెప్తుందేమో గానీ ముత్యం భాయ్ చెప్పడని మిల్లులో పేరు. ఆ ఇంటికి అన్నం పెట్టేవి ఆ రెండు కళ్లే. ఈ ముక్క గుర్తుంచుకోండి.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినకపోతే మావాళ్లకు వానాకాలం మొదలైనట్టే కాదు. మామ ఇంట్లో అత్త, అంటే ఆయన భార్య, చేపలు వేయిస్తుంటే నేను గుమ్మంలో నిలబడి పాఠం ఎత్తుకున్నాను.

"అత్తా, కార్తె అంటే ఏందో ఎరుకేనా? పొద్దు యాడాదంతా ఒక్కొక్క చుక్కను దాటుకుంట పోతది. ఇయ్యాల్టి సంది మృగశిర కాడ ఉంటది. గా చుక్క పక్కన్నే ఒక నీహారిక ఉన్నది. మొయిలు లెక్క. దాంట్ల కొత్త చుక్కలు పుడుతయ్."

"చుక్కలు గూడ పుడుతయా?" మామ లోపలి నుంచి వచ్చాడు. "ఏం రంగుల ఉంటదిరా అది?"

"గులాబి, ఊదా, నీలం! ఇయ్యాల కార్తె గదా, అసలుదే సూపిస్త. నడు, డుమస్ పోదాం!"

చేపలు డబ్బాలో సర్దుకుని ముగ్గురం సముద్రం ఒడ్డుకు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. టెలిస్కోపు నిలబెట్టాను. ఫోన్‌లో చుక్కల జాడ చెప్పే యాప్ బాణం పడమటికి చూపిస్తే గొట్టాన్ని అటే తిప్పి, చీకటి పడగానే చుక్కల పురిటిల్లు చూద్దురుగాని అన్నాను. అత్త డబ్బా ముందు పెట్టుకుని ఏదో ఆలోచిస్తోంది.

"సీనూ, నాకొకటి సమజ్ గాలే. పొద్దు గా చుక్క కాడ్నే ఉన్నదంటివి."

"అవ్ అత్తా."

"మరి పొద్దు మునిగితే గా చుక్క గూడ దానెంబడే మునుగదా?"

ఫోన్‌లో బాణం చూశాను, పొద్దు చూశాను, రెండూ ఒకే దిక్కున ఉన్నాయి. మృగశిర సంక్రాంతి రోజుల్లో సాయంత్రమే తూర్పున మిలమిలలాడుతుంది. జూన్‌లో పగలంతా సూర్యుడితో తిరిగి, సూర్యుడితోపాటే దిగిపోతుంది. ఏడాదిలో అది కనపడని రోజులు చూసి మరీ చూపిస్తానని తీసుకొచ్చాను. ఆ సంగతి నా పాఠంలోనే ఉంది. చేపలు వేయించిన మనిషికి అర్థమైంది, పాఠం చెప్పినవాడికి కాలేదు.

"టమాటా భజియా తెస్త!" అని పారిపోయాను. బజ్జీల బండి దగ్గర నిలబడి అబద్ధం వెతుక్కున్నాను. మబ్బు అడ్డమొచ్చిందందామంటే దిక్కుమాలిన మబ్బు ఒక్కటీ లేదు. ఏం చెయ్యాలా అని వెనక్కి తిరిగాను.

ముత్యం మామ వంగి టెలిస్కోపుకు కన్ను ఆనించి ఉన్నాడు. గొట్టం సూటిగా సూర్యుడి వైపు ఉంది.

టెలిస్కోపులో సూర్యుణ్ణి చూస్తే కన్ను మాడిపోతుంది. నొప్పి కూడా తెలియదు. వారం కిందటే పిల్లలకు బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టినవాణ్ణి నేనే. భజియా పొట్లం ఎక్కడ పారేశానో తెలియదు.

"మామా! కన్ను తియ్!"

పరుగున వచ్చి మీద పడ్డాను. ఇద్దరం ఇసుకలో దొర్లాం. చేపలు కూడా మాతోపాటే దొర్లాయి.

"పిచ్చి లేసిందారా నీకు?"

"ఏం కనవడ్డది మామా?"

"ఏం లేదురా, మొత్తం నల్లగనే ఉండె. ఎలుగు దిక్కు తిప్పితే కనవడ్తదేమోనని తిప్పిన. అయినా నల్లగనే!"

సూర్యుణ్ణి చూస్తే నల్లగా! అంటే కన్ను అప్పటికే పోయిందన్నమాట. "కండ్లు తెరవకు మామా!" అని తువ్వాల తడిపి రెండు కళ్లకూ గట్టిగా కట్టేశాను. విషయం చెప్పి ఆటో ఎక్కించాను.

ఆటోలో మామ మొదట తిట్టాడు. తిట్టినంతసేపే నయమనిపించింది.

"సీనూ," అన్నాడు మెల్లగా, "నేవీ బ్లూకు నల్లకు తేడా జెప్పకపోతే మిల్లుల ఉంచుకోరు గదరా."

అంత భయం నాకు ముందెన్నడూ లేదు, మళ్లీ రాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. "నా కన్ను పీకిస్త మామా!"

"నీ కన్ను నాకెందుకురా? కార్తె నాడు చుక్కలు దేవులాడే కన్ను!"

అత్త టెలిస్కోపును ఒళ్లో పెట్టుకుని కొండగట్టు అంజన్నకు మొక్కుతూనే ఉంది.

అడాజన్‌లో ఒక తెలుగు కంటి డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ కట్టు విప్పించారు. "నెమ్మదిగా తెరవండి బాబాయ్ గారూ. ఏమైనా కనబడుతోందా?"

మామ కళ్లు తెరిచాడు. గది చుట్టూ చూశాడు. కిటికీ దగ్గర చూపు ఆగిపోయింది.

"డాక్టరమ్మా, గా పర్దాలు రెండు ఒక్కటే బట్ట తానుల నుంచి గొన్నరా?"

"అవునండీ. ఎందుకూ?"

"మోసం జేసిండ్రు. ఎడమ దిక్కుది అర షేడ్ తక్కువున్నది."

డాక్టరమ్మ రెండు కళ్లూ పరీక్ష చేసి భేషుగ్గా ఉన్నాయన్నారు. "మరి ఆ గొట్టంలో నల్లగా ఎందుకు కనబడిందీ?"

అత్త ఒళ్లోని టెలిస్కోపును ఇటు తిప్పింది. ముందు వైపు తట్టింది. డప్పుమని చప్పుడైంది.

"సీనూ, గీ మూత తియ్యవా?"

మూత తియ్యలేదు. మొదటి తప్పు నుంచి రెండో తప్పు కాపాడింది, లేకపోతే ఇది చెప్పుకునే మొహం నాకుండేది కాదు.

ఆ తర్వాతి జనవరిలో, గుజరాతీలు ఉత్తరాయణం అని పిలిచే సంక్రాంతి సాయంత్రం, మేడ మీద గాలిపటాల గోల సద్దుమణిగాక తూర్పున అసలు మృగశిర వచ్చింది. మామ మూత తనే తీసి జేబులో వేసుకుని, నీహారికను చాలాసేపు చూశాడు.

"గులాబి అంటివి, ఊదా అంటివి. గిది బూడిద రంగున్నది గదరా."

"కంటికి గట్లనే కనవడ్తది మామా. రంగులు ఫొటోలనే వస్తయ్."

"అట్లజెప్పు. చుక్కలు ఇంక తయారైతున్నయంటివి గదా, గిది ఇంక రంగెయ్యని కోరా బట్టరా! ఇంక పాండేసరకు రాలే."

ఆ మేడ మీదే, తెగిన గాలిపటాల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మృగశిర కార్తె నాడు చేప తింటాను, చెయ్యి కడుక్కుంటాను, తల పైకెత్తను. సూర్యుడు ఆకాశంలో ఉన్నంతసేపు టెలిస్కోపు మూత తియ్యను. ఆ రెండోది మాత్రం ప్రమాణం చెయ్యకముందే సక్కగ జేసిండని అత్త ఇప్పటికీ అంటుంది.